బరువు వాళ్ళ మీద, పెత్తనం మీ దగ్గర

ప్రశ్న: నేను గుంటూరు వైపు నుంచి వచ్చిన నర్సును. అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ దగ్గర 110 పడకల నర్సింగ్ హోమ్‌లో ఏడాదిన్నరగా నర్సింగ్ డైరెక్టర్‌గా ఉన్నాను. ఇక్కడ ఏ చిన్న చిక్కు వచ్చినా నా దగ్గరికే వస్తుంది. తువ్వాళ్ళు చాలకపోయినా, మనిషిని ఎత్తే లిఫ్టు బ్యాటరీ ఎవరూ చార్జింగ్ పెట్టకపోయినా, శనివారం రాత్రి ఎవరైనా పడిపోయినా నా ఫోనే మోగుతుంది. నేను లేకపోతే ఏదీ కదలదు. ఒక పెద్దాయన ఈ మధ్య మూడుసార్లు పడిపోయారు, మూడుసార్లూ తెల్లవారుజామునే. ఎందుకో ఎవరూ చెప్పరు. మీటింగులు పెట్టాను. 'ఈ ఇల్లు మనందరిదీ' అని పోస్టరు అంటించాను. నెలనెలా ఉత్తమ ఉద్యోగి బహుమతి పెట్టాను. చివరికి మెమోలు కూడా ఇచ్చాను. అయినా మీటింగులో ఒక్కరూ నోరు విప్పరు. 'మీ వాళ్ళకు జవాబుదారీతనం లేదు' అంటారు మా అడ్మినిస్ట్రేటర్. తువ్వాళ్ళు అలమరలో దాచుకున్న ఒక ఎయిడ్‌కు (సహాయకురాలికి) మెమో ఇమ్మంటున్నారు. మన దగ్గర సిస్టర్ మాటంటే ఎంత భయం, ఎంత భక్తి! వీళ్ళలో ఆ బాధ్యత ఎలా తేవాలి? సంక్రాంతికి మూడు వారాలు ఊరికి వెళ్ళాలని ఉంది. ఇదంతా వదిలి ఎలా వెళ్ళను?
— పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం: 'నేను లేకపోతే ఏదీ కదలదు' అన్న మాటను మీరు ఫిర్యాదుగానే రాశారు. నాకు మాత్రం అందులో కాస్త గర్వం కూడా వినిపించింది. తప్పు పట్టడం లేదు. ఎదురైన చిక్కును అక్కడికక్కడే విప్పేసే నర్సు కాబట్టే మిమ్మల్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. అయితే అడిగిన వెంటనే జవాబు దొరికే చోటికి మనుషులు ఆలోచించుకుని రారు, అడగడానికే వస్తారు. ఏడాదిన్నరగా మీరు ప్రతి ఫోనుకూ జవాబు చెప్పారు. ఏం వచ్చినా మీకే ఫోను చేయాలని వాళ్ళు నేర్చుకున్నారు.

మిగతా పాఠకుల కోసం ఒక వివరం. అమెరికాలో నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్ళలోలాగా చిన్న ప్రైవేటు ఆసుపత్రి కాదు. తమంతట తాము లేవలేని, తినలేని వారు, డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్నవారు ఎక్కువగా ఉండే చోటు. చాలామందికి ఆఖరిదాకా అదే ఇల్లు. అక్కడ ఉండేవారిని రెసిడెంట్లు అంటారు. దేశం మొత్తం మీద ఇలాంటివి దాదాపు 15,000 ఉన్నాయి. స్నానం, తిండి, మరుగుదొడ్డి, మంచంలో పక్కకు తిప్పడం, ఇవన్నీ చేసేది నర్స్ ఎయిడ్‌లు. ఫెడరల్, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వ నియమాల ప్రకారం వారికి ఉండాల్సిన కనీస శిక్షణ 75 గంటలు. వారి మీద ఆ షిఫ్టు బాధ్యత చూసే ఛార్జ్ నర్సు, ఆమె మీద నర్సింగ్ డైరెక్టర్, అందరి మీదా అడ్మినిస్ట్రేటర్.

మీ వాళ్ళు సమస్యలను పట్టించుకోవడం లేదని మీరూ, మీ అడ్మినిస్ట్రేటరూ అనుకుంటున్నారు. నాకలా అనిపించలేదు. తువ్వాళ్ళు దాచుకున్న ఎయిడ్‌నే చూడండి. పొద్దున ఏడింటికి డ్యూటీ ఎక్కేసరికి లినెన్ బండి ఖాళీగా ఉంటుందని ఆమెకు అనుభవం. తన వంతుకు పదిమంది పెద్దవాళ్ళు ఉండి ఉంటారు. పక్క తడిపేసుకున్న మనిషిని, తువ్వాలు వచ్చేదాకా అలాగే పడుకోండని చెప్పడం ఆమె వల్ల కాదు కదా. అందుకని ముందురోజే నాలుగు తీసి దాచింది. తన హద్దులో, తనకు చేతనైన పరిష్కారం అది. దాని ఫలితంగా పక్క హాలులో, అంటే పక్క వరుస గదుల్లో, కొరత పెరుగుతుంది, అక్కడి ఎయిడ్ కూడా దాచడం మొదలుపెడుతుంది. కొన్నాళ్ళకు భవనంలో తువ్వాళ్ళన్నీ ఉంటాయి, బండి మీద మాత్రం ఒక్కటీ ఉండదు.

ఇది మీ ఒక్కచోటి కథ కాదు. అనితా టకర్, ఏమీ ఎడ్మండ్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు తొమ్మిది ఆసుపత్రుల్లో నర్సుల వెంటే తిరిగి గమనించి, 2003లో ఒక వ్యాసం రాశారు. వారికి కనిపించింది ఇదే. చిక్కు ఎదురైతే నర్సులు ఎలాగో దాన్ని దాటేసి రోగి పని పూర్తిచేస్తారు. మళ్ళీ అది రాకుండా చేయగలవారికి ఆ సంగతి చేరడం చాలా అరుదు. ఓపికా, తెలివీ ఉన్న నర్సులే అలా దాటేయడంలో ముందుంటారు, వాళ్ళనే మనం మెచ్చుకుంటాం కూడా.

బండి ఖాళీ అన్న మాట ఆ ఎయిడ్ నోటి నుంచి లాండ్రీ దాకా ఎందుకు వెళ్ళలేదో విచారించండి. ఇదివరకు ఎవరో చెప్పి ఉంటారు, ఏమీ జరిగి ఉండదు. లేదా 'నీ దగ్గర ఎన్నున్నాయి?' అని ఎదురు ప్రశ్న వచ్చి ఉంటుంది. ఇప్పుడు మెమో మాట కూడా హాలంతా పాకే ఉంటుంది. ఇక ఎవరు చెబుతారు?

మీటింగులో మౌనం గురించి ఇంకొకటి ఆలోచించండి. కొలంబస్ చుట్టుపక్కల నేపాలీ మాట్లాడే భూటాన్ కుటుంబాలు, సోమాలీలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. మీ ఎయిడ్‌లలో కూడా అలాంటివారు ఉండే ఉంటారు. ఇరవైమంది ఎదుట, అధికారి ముందు, తమది కాని భాషలో లేచి మాట్లాడమంటే ఎవరికైనా నోరు పెగలదు. మీరు కొత్తగా వచ్చినప్పుడు మీకెలా ఉండేదో గుర్తుండే ఉంటుంది. అదే మనిషిని నడవలో బండి దగ్గర నిలబడి అడిగితే గలగలా చెబుతుంది.

'మన దగ్గర సిస్టర్ మాటంటే భయం' అన్నారు. నేనూ ఆ వార్డులు చూసినదాన్నే. మేట్రన్ రౌండ్‌కు వచ్చే వేళకు దుప్పట్లు గీత గీసినట్టు ఉండేవి. సెలైన్ స్టాండు విరిగిందన్న సంగతి మాత్రం ఆవిడకు తెలిసేది కాదు, తెలిస్తే విరగ్గొట్టింది ఎవరని అడిగేవారు కాబట్టి. దాన్ని బ్యాండేజీ గుడ్డతో కట్టి మూలన నిలబెట్టేవాళ్ళం. ఆ భక్తిని ఒహాయోకు తెచ్చుకుని మీరేం చేసుకుంటారు?

నేను చెప్పదలచుకున్నది ఇది. మీరు వాళ్ళను బాధ్యత అడిగారు, అధికారం ఇవ్వలేదు. స్నానం వేళ మార్చాలంటే మిమ్మల్ని అడగాలి. బ్యాటరీ కొనాలంటే మిమ్మల్ని అడగాలి. విరామం ఎవరు ఎప్పుడు తీసుకోవాలో మీ టేబులు మీది కాగితం చెబుతుంది. ఏదీ తేల్చే వీలు లేని చోట 'ఈ ఇల్లు మనందరిదీ' అన్న పోస్టరు చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. ముందు దాన్ని పీకేయండి. ఉత్తమ ఉద్యోగి బహుమతి సంగతి మీ ఇష్టం. దాని వల్ల ఒక్క తువ్వాలైనా బండి మీదికి వచ్చినట్టు నేను చూడలేదు.

ఇక పడిపోతున్న పెద్దాయన సంగతి. ఇది కాస్త వివరంగా మాట్లాడుకోవాలి. ఆయన ఫైలు తీసి, ప్రతిసారీ పడ్డాక కేర్ ప్లానులో (ఆయన్ను ఎలా చూసుకోవాలో రాసుకునే కాగితంలో) ఏం రాశారో చూడండి. 'లేవాలంటే బెల్ నొక్కమని రెసిడెంటుకు గుర్తుచేశాం' అని ఉంటుందని నా అనుమానం. ఆయనకు డిమెన్షియా ఉంటే గనక ఆ వాక్యం కాగితం నింపడానికే తప్ప దేనికీ పనికిరాదు. మూడుసార్లూ తెల్లవారుజామునే అని మీరే రాశారు. అయితే ఆ వేళలో ఆయన ఎక్కడికి వెళ్ళబోతున్నారు? మూత్రానికా? మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే నీళ్ళమాత్ర రాత్రి ఎన్నింటికి వేస్తున్నారు? లేక అది ఆయన పాత జీవితపు వేళా? ఒహాయోలో పాడి రైతులు చాలామంది. యాభై ఏళ్ళు నాలుగింటికి లేచి పాలు పితికిన మనిషి, మీరు బెల్ చూపించినంత మాత్రాన పడుకుని ఉండడు. ఆ వేళకు ఆయన్ను లేపి, బూట్లు తొడిగి, కాఫీ ఇచ్చి, ఎయిడ్ కళ్ళ ముందు కూర్చోబెడితే సరిపోవచ్చు. లేదా కారణం ఇంకేదైనా కావచ్చు. నేను ఇక్కడ కూర్చుని ఊహిస్తున్నాను. మీ రాత్రి షిఫ్టు ఎయిడ్ ఊహించనక్కర్లేదు, ఆమె రోజూ చూస్తోంది.

ఆమెను ఎప్పుడైనా ఎవరైనా అడిగారా? 2016లో వచ్చిన ఫెడరల్ నియమాల ప్రకారం కేర్ ప్లాను తయారుచేసే బృందంలో ఆ రెసిడెంటును చూసుకునే నర్స్ ఎయిడ్ ఉండి తీరాలి. ఆచరణలో ఆ మీటింగు పొద్దున పదింటికి పెడతారు. ఎయిడ్‌లు స్నానాల మధ్య మునిగి ఉండే వేళ అది. రాత్రి షిఫ్టు వాళ్ళు ఇంటికెళ్ళి నిద్రపోతూ ఉంటారు. నిబంధన కాగితం మీద పాటిస్తారు, తెలిసిన మనిషి గదిలో ఉండదు. మీరు చేయగల పని ఒకటుంది. ఇకమీదట ఎవరైనా పడితే, గాయాలు చూసి మనిషిని సౌకర్యంగా ఉంచిన వెంటనే, ఆ గదిలోనే నలుగురు ఐదు నిమిషాలు నిలబడి మాట్లాడాలి. ఆయన ఏం చేయబోయారు? కాళ్ళకు ఏం తొడుక్కున్నారు? దీపం ఉందా? ఆఖరుసారి మరుగుదొడ్డికి ఎప్పుడు తీసుకెళ్ళారు? రోజూ లేనిది ఈ రోజు ఏముంది? 'ఎవరు' అన్న ప్రశ్న ఆ ఐదు నిమిషాల్లో రాకూడదు. అది ఒక్కసారి వచ్చిందంటే మిగతా ప్రశ్నలకు మీకు నిజం దొరకదు.

మంచానికో కుర్చీకో అలారం కట్టేద్దామని ఎవరో ఒకరు అంటారు. వద్దు. మనిషి కదిలితే మోగే ఆ అలారాలు కొన్ని సందర్భాల్లో కట్టేసి ఉంచడంతో సమానం కావచ్చని ఫెడరల్ మార్గదర్శకాలే చెబుతున్నాయి. అది మోగేసరికి మనిషి కింద ఉంటాడు, పక్క గదిలో ఆవిడకు నిద్ర పాడవుతుంది. అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది, ఆలోచించే పనిని అలారానికి అప్పగించి మనం చేతులు దులుపుకోవడం.

అయినా, మొదటి ప్రయోగం పడిపోవడాల మీద చేయకండి. తువ్వాళ్ళతో మొదలుపెట్టండి. మీరు నవ్వుతారని తెలుసు. సర్వేకు, అంటే ప్రభుత్వ తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టర్లు తువ్వాళ్ళు లెక్కపెట్టరు, నిజమే. కానీ పడిపోవడానికి పది కారణాలుంటాయి, ఫలితం తేలడానికి నెలలు పడుతుంది. తువ్వాళ్ళ సంగతి వారంలో తేలుతుంది. చెబితే ఏదో జరుగుతుందని వాళ్ళు కళ్ళారా చూడడం ఇప్పుడు మీకు అన్నిటికంటే ముఖ్యం. ఇద్దరు ఎయిడ్‌లను, లాండ్రీ నుంచి ఒకరిని పిలిచి, డ్యూటీ వేళలోనే అరగంట ఇవ్వండి. ఆ అరగంట వాళ్ళ రెసిడెంట్లను మీరో ఛార్జ్ నర్సో చూసుకోండి. టయోటా ఫ్యాక్టరీలో చేసినట్టు 'ఎందుకు' అని వరుసగా అడుగుతూ పొమ్మనండి. బండి ఏడింటికి ఎందుకు ఖాళీ? లాండ్రీ నుంచి ఎనిమిదిన్నరకు గానీ రావడం లేదు. ఎందుకు? సాయంత్రం మడతపెట్టే మనిషి లేదు. ఎందుకు? ఆ పోస్టు తీసేశారు. ఎవరు తీసేశారు?

ఇది నా ఊహే గానీ, ఇలాంటి 'ఎందుకు'లను ఓపికగా వెంటాడితే ఆఖరిది తరచుగా పై అంతస్తులోనే తేలుతుంది. అప్పుడు మీ అడ్మినిస్ట్రేటర్ ముఖం ఎలా ఉంటుందన్న దాన్ని బట్టే ఈ వ్యవహారం నిలబడేదీ కూలేదీ. ఆయన ఆ ముగ్గురి ఎదుట 'ఇది నా వల్ల వచ్చింది, నేను చూస్తాను' అని, నిజంగా చూస్తే చాలు. ఆ మాట అరగంటలో భవనమంతా తిరుగుతుంది.

ఆయనతో మాట్లాడేందుకు మీకు చట్టం కూడా తోడుంది. నాణ్యతను ఎప్పటికప్పుడు మెరుగుపరచుకునే ఏర్పాటు ప్రతి నర్సింగ్ హోమ్‌లో ఉండాలని 2010 నాటి ఆరోగ్య చట్టంలోనే ఉంది. 2016 నియమాలు దానికి రూపమిచ్చాయి, 2019 నవంబరు నుంచి అది పూర్తిగా అమల్లోకి వచ్చింది. అందరూ 'క్వాపీ' అనేది దాన్నే. దాని బాధ్యత పాలకవర్గానిదని అందులో స్పష్టంగా ఉంది. ఏటా కనీసం ఒక మెరుగుదల ప్రాజెక్టు, ప్రమాదం ఎక్కువగా ఉన్న విషయం మీద చేయాలి. చాలాచోట్ల క్వాపీ అంటే సర్వే వాళ్ళకు చూపించే లావుపాటి ఫైలు. మీ చోట ఈ ఏడాది ప్రాజెక్టు తెల్లవారుజామున పడిపోవడాల మీద పెట్టండి. తువ్వాళ్ళ పని తేలాక, రాత్రి ఎయిడ్‌లనే అందులోకి తీసుకోండి. ఏ మార్పునైనా ఒక హాలులో, ఒక్క రెసిడెంటుతో, వారం పాటు చేసి చూడమనండి. పనిచేయకపోతే వదిలేయవచ్చని ముందే చెప్పండి.

అందరూ మర్చిపోయే మనిషి ఛార్జ్ నర్సు. ఎయిడ్‌లకు శిక్షణలు పెడతారు, మీలాంటివారిని సదస్సులకు పంపుతారు. మధ్యలో మందుల బండి నెట్టుకుంటూ ముప్ఫైమందిని చూసే ఆమెకు, మనుషుల్ని నడిపించడం గురించి ఎవరూ ఏమీ నేర్పరు. మీకు ఫోను చేసేది ఆమే. కాబట్టి ముందుగా మారాల్సింది మీ ఇద్దరి మధ్య జరిగే మాటలు. లిఫ్టు బ్యాటరీ అయిపోయిందని ఆమె ఫోను చేస్తే, 'రెండో హాలు నుంచి తెప్పించు' అనే మాట మీ నాలుక చివరే ఉంటుంది. ఆపుకోండి. 'నీకేం చేస్తే బాగుంటుందనిపిస్తోంది?' అని అడగండి. మొదట్లో ఆమె కంగారు పడుతుంది, తనను పరీక్షిస్తున్నారనుకుంటుంది. 'నువ్వు ఏదంటే అది చేద్దాం' అనండి. ఆమె చెప్పింది మీ ఆలోచన కంటే కాస్త తక్కువగా ఉన్నా, ఎవరికీ ప్రమాదం లేకపోతే, చేయనివ్వండి. తెల్లారి వచ్చి నలుగురిలో దాన్ని తిరగరాయకండి. అలా చేస్తే మళ్ళీ శనివారం ఫోను మోగుతుంది.

అధికారం ఇవ్వడమంటే ఏమిటో కాగితం మీద రాయాలి. చిన్నచిన్న సామాను కొనడానికి ఒక మొత్తం, స్నానం వేళలు మార్చడం, విరామాలు సర్దుకోవడం, ఇవి హాలు స్థాయిలోనే తేలాలి. ఎయిడ్‌లను రోజుకో హాలుకు తిప్పకుండా ఎవరి రెసిడెంట్లను వారికే ఉంచండి. నాలుగింటికి లేచే పెద్దాయన సంగతి అప్పుడే ఎవరికైనా తెలుస్తుంది. కొన్ని మాత్రం మీ చేతిలోనే ఉండాలి. రెసిడెంటును కొట్టారనో తిట్టారనో ఆరోపణ వస్తే రెండు గంటల్లోపు రాష్ట్ర అధికారులకు తెలపాలి. అలాంటివి హాలులో సర్దుకునే విషయాలు కావు.

ఇంకొక్క మాట చెప్పకపోతే ఈ సలహా అంతా మోసమవుతుంది. రాత్రిపూట నలభైమందికి ఇద్దరు ఎయిడ్‌లను పెట్టి, మీరే పరిష్కారం ఆలోచించండని అడగకూడదు. సిబ్బంది కొరత సిబ్బంది తీర్చగలిగేది కాదు. ఒక్కో రెసిడెంటుకు రోజుకు కనీసం 3.48 గంటల సేవ ఉండాలని 2024లో ఫెడరల్ ప్రభుత్వం నియమం తెచ్చింది. 2025లో టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టివేసింది. కాబట్టి ఆ నియమాన్ని చూపించి మీరు యజమానిని అడగలేరు. మనుషులు ఎంతమంది మానేస్తున్నారో 2022 నుంచి ప్రభుత్వ వెబ్‌సైటులో ప్రతి నర్సింగ్ హోమ్ పేరు పక్కనే కనిపిస్తోంది, దాన్ని చూపించి అడగవచ్చు. ఆ పోరాటం మీదీ, అడ్మినిస్ట్రేటరుదీ. దాన్ని ఎయిడ్‌ల నెత్తిన రుద్దకండి.

మెమో ఇవ్వకండి. ఎయిడ్‌లలో ఒకరిగా ఆమెనే ఆ అరగంటకు పిలవండి. ఎవరెవరు ఎక్కడెక్కడ దాస్తారో భవనంలో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, అయితే ఆ పేర్లు మాత్రం అడగకండి.

ఇక సంక్రాంతి. టికెట్టు ఈ వారమే కొనండి. ఆ మూడు వారాల్లో సర్వే వాళ్ళు వస్తే ఎలా అంటారేమో. వాళ్ళు చెప్పి రారు. ఒక సర్వేకూ తర్వాతి దానికీ మధ్య పదిహేను నెలలు మించకూడదన్నది రూలు, ఆ లోపు ఎప్పుడైనా రావచ్చు. మీరు ఉన్నప్పుడే వస్తారని హామీ ఏముంది? ముందు ఒక శని ఆదివారాలతో అలవాటు చేయండి. తీవ్రమైన గాయం, దౌర్జన్యం ఆరోపణ, ఈ రెండింటికే ఫోను చేయాలి. మిగతావి ఛార్జ్ నర్సు తేల్చి, సోమవారం మీకు చెప్పాలి. తర్వాత ఒక వారం సెలవు పెట్టి ఇంట్లోనే ఉండండి. ఊరికి వెళ్ళే ముందు మీ స్థానంలో ఎవరుంటారో అందరికీ పేరు చెప్పి వెళ్ళండి. గుంటూరులో దిగాక మీ నర్సింగ్ హోమ్ వాట్సాప్ గ్రూపు తెరవకండి. మీకు రాత్రయితే వాళ్ళకు పగలు, మీరు చూస్తూ కూర్చుంటారని నాకు తెలుసు.